తూవాకి పడని కుక్క

మా అమ్మాయి కళ్ళు ఎర్రగా వాచిపోయి ఇంటికొస్తే నాకు సంతోషమేసింది. ఈ మాట బయటికి చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా నిజం అదే.

ఆ రోజు శుక్రవారం. మా తూవా ఒక వారం వాళ్ళ నాన్న దగ్గరుంటుంది, ఒక వారం నా దగ్గరుంటుంది. మేం విడిపోయిన దగ్గర్నుంచి, నాలుగేళ్ళుగా ఇదే పద్ధతి. శుక్రవారం పొద్దున ఒక ఇంటినుంచి బడికి వెళ్తుంది, సాయంత్రం రెండో ఇంటికి వస్తుంది. మధ్యలో బడి ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళం ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు.

"ఏమైందే ఆ కళ్ళకి?"

"ఏం కాలేదమ్మా. కొంచెం దురద."

"ఆ కుక్క వల్లేనా?"

"కాదు" అంది. మరీ తొందరగా అంది.

ఆ కుక్క పేరు యోస్తా. మా తాతయ్య పేరు కూడా అదే. ఈ మధ్య మా దేశంలో ఏ కుక్కని పిలిచినా ఎవరో ఒక తాతయ్య పలకాల్సిందే. ఒళ్ళంతా బొచ్చు, తోక వీపు మీదికి చుట్టుకుని ఉంటుంది. దాని యజమానురాలు ఇల్వా. తూవా వాళ్ళ నాన్న హోకన్ రెండేళ్ళ కిందట తన సామానంతా సర్దుకుని ఊరి శివార్లలో, ఓబీలో ఉన్న ఆమె ఇంటికి వెళ్ళిపోయాడు. పెరడు, పెరట్లో ఆపిల్ చెట్టు, కుక్క, ఆమె. అన్నీ ఒకేసారి దొరికాయి మహారాజుకి.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం నాకు ఇల్వా పురాణమే. ఇల్వా నాలుగు పాయల జడ వేసింది. ఇల్వా యాలకుల బన్నులు చేసింది. ఇల్వాకి లెక్కలు భలే వచ్చు. యోస్తా నా కాళ్ళ దగ్గరే పడుకుంటాడమ్మా, నేను లేచేదాకా కదలడు. మూడో అంతస్తులో నాకున్నవి రెండు గదులు. తూవా పడుకునేది హాల్లో, లాగితే మంచమయ్యే సోఫా మీద. దాని కాళ్ళ దగ్గర పడుకోవడానికి నా దగ్గర ఎవరూ లేరు.

ఇక్కడ సవతి తల్లి అనరు, బోనస్ అమ్మ అంటారు. ఎవరు కనిపెట్టారో గానీ వాడి నోరు పడిపోను. ఆవిడ బోనస్ అయితే మరి నేనేంటి, నెల జీతమా? నెల జీతం చూసి ఎవరూ మురిసిపోరు. అది రావాలి కాబట్టి వస్తుంది, అంతే.

అందుకే ఆ ఎర్రటి కళ్ళు చూడగానే నా మనసు గంతులేసింది. మంగళవారానికే హెల్త్ సెంటర్లో రక్తపరీక్షకి టైం తీసుకున్నాను.

మోచేతి మడతలో సూది నొప్పి తెలియకుండా మొద్దుబార్చే పట్టీ ఇంటి దగ్గరే అంటించుకుని వెళ్ళాం. నర్సు పెద్దావిడ, నిదానస్తురాలు. ఒక్క చిన్న గొట్టం నింపితే చాలంది. పిల్లి, కుక్క, గుర్రం, బిర్చి చెట్టు పుప్పొడి, గడ్డి, అన్నీ ఆ కాస్త రక్తంలోనే చూస్తారట.

"ఇంట్లో జంతువులు ఉన్నాయా?" అని అడిగింది.

"మా ఇంట్లో లేవు. వాళ్ళ నాన్నగారింట్లో ఉంది" అన్నాను. ఆ 'వాళ్ళ' అన్న మాటని ఎంత నొక్కానో నాకే వినిపించింది.

నేను కోటు తీసుకోవడానికి తలుపు దగ్గరికి వెళ్ళాను. వెనకాల తూవా నర్సుతో గుసగుసగా అంటోంది, "ఒకవేళ కుక్క అని వస్తే మీరు రాయకుండా ఉండొచ్చా?"

"అలా కుదరదమ్మా, బంగారం."

"పోనీ పిల్లి అని రాయండి. మాకు పిల్లి లేదు."

నర్సు పకపకా నవ్వింది. నాకు మాత్రం కడుపు మండిపోయింది. పన్నెండేళ్ళు పెంచిన పిల్ల ఆ ఇంటి కుక్క కోసం సర్కారు కాగితాల్లో దొంగరాతలు రాయించడానికి సిద్ధపడింది. నా కోసం ఎప్పుడైనా ఒక్క అబద్ధం ఆడిందా?

మరుసటి మంగళవారం తూవా వాళ్ళ నాన్న దగ్గరుంది. నేను పనిచేసేది ఒక బడి వంటింట్లో. మధ్యాహ్నం గిన్నెలు కడగడానికి పడేసి, ఫోన్లో దాని వైద్యం రికార్డు తెరిచాను. పిల్లి, సున్నా. గుర్రం, సున్నా. బిర్చి, గడ్డి, సున్నా. కుక్క, తొమ్మిది పాయింట్ రెండు. సున్నా దాటితేనే లెక్క, ఇది ఏకంగా తొమ్మిది. కింద 'వివరాలకి డాక్టరు బుధవారం 10:40కి ఫోన్ చేస్తారు' అని ఉంది. నేను బంగాళదుంపల బస్తాల మధ్య నిలబడి రెండు చేతులూ పైకెత్తాను. తోటి వంటామె లాటరీ తగిలిందా అని అడిగింది. అలాంటిదే అన్నాను.

బుధవారం సరిగ్గా ఆ టైంకే డాక్టరు ఫోన్ చేసింది. కుర్రపిల్ల గొంతు.

"తూవా వాళ్ళ అమ్మగారేనా? మీకు మంచి వార్త చెప్పాలి. కుక్క ఒంట్లో మనకి పడని పదార్థాలు కొన్ని ఉంటాయండీ. వాటిని విడివిడిగా చూశాం. మీ అమ్మాయికి అందులో ఒక్కటే పడట్లేదు, మిగతావన్నీ సున్నా. ఆ ఒక్కటీ మగకుక్కకే ఉంటుంది. దాని ప్రోస్టేటులో పుడుతుంది, మూత్రంలోంచి బొచ్చుకి అంటుకుంటుంది. మీరు చెప్పిన కుక్క మగదా?"

"మగదే."

"దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా?"

"లేదండీ."

మా దగ్గర ఎవరూ చేయించరు. పిల్లులకి చేయిస్తారు గానీ కుక్క జోలికి పోరు. జబ్బు లేని జంతువుని కొయ్యడం పాపమన్నట్టు మాట్లాడతారు. అసలు అలాంటి ఆలోచనే ఎవరికీ రాదు.

"చేయిస్తే కొన్ని వారాల్లో ఆ పదార్థం బాగా తగ్గిపోతుంది. నూటికి నూరుపాళ్ళని మాటివ్వలేను గానీ, చేసి చూడొచ్చు. ఆడకుక్కతో అయితే బహుశా ఏ ఇబ్బందీ ఉండదు. కుక్కని వదులుకోవాల్సిన పని మాత్రం లేదు. అందరికీ సంతోషమే కదా?"

"చాలా సంతోషం" అన్నాను.

ఎవరికి సంతోషం? ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. బడి వంటింటి గోడ మీద నేనే రాసి అంటించిన పిల్లల జాబితా ఉంది. ఎవరికి పాలు పడవు, ఎవరికి గుడ్డు పడదు, ఎవరికి చేప పడదు. సగం సగం చెప్పే తల్లులంటే నాకు ఒళ్ళు మంట. "పాలు పడవని రాస్తే సరిపోతుందా తల్లీ, కాచినవి కూడా పడవా? అంతా చెప్పాలి కదా!" అని ఎంతమందిని కసిరానో.

కసిరిన నోటితోనే హోకన్‌కి ఫోన్ చేశాను.

"రిపోర్టు వచ్చింది. కుక్క పడదు. తొమ్మిది పాయింట్ రెండు."

"తొమ్మిదంటే ఎక్కువా?"

"ఎక్కువే."

"అయ్యో. మందు బిళ్ళలేవో ఉంటాయి కదా?"

"పిల్లకి జీవితాంతం బిళ్ళలు మింగిస్తావా? ఆ ఇంట్లో కుక్కైనా ఉండాలి, తూవా అయినా ఉండాలి. మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి."

అతను ఇంకేం అడగలేదు. అడగడని నాకు తెలుసు. పిల్ల పుట్టిన దగ్గర్నుంచి టీకాలు, పళ్ళ డాక్టరు, కళ్ళజోడు అన్నీ నేనే చూశాను. అతను దాని రికార్డు ఒక్కసారి కూడా తెరిచిన పాపాన పోలేదు. పైగా ఇంకో మూడు వారాల్లో తూవాకి పదమూడు నిండుతాయి. పదమూడు నిండిన పిల్లల రికార్డు తల్లిదండ్రులకి మూసేస్తారు. ఆ తరవాత హోకన్‌కి బుద్ధి పుట్టి వెతికినా ఏమీ కనబడదు.

నా లెక్క సులభం. ఇల్వా కుక్కని వదలదు. హోకన్ పరిచయం కాకముందు నుంచీ ఉన్న కుక్క, ఏడేళ్ళ సావాసం. ఆమె బిళ్ళలంటుంది, గాలి శుభ్రం చేసే మిషనంటుంది, ఏదో ఒకటి చెప్పి నసుగుతుంది. కన్నకూతురు కాదు కదా. తూవా చూస్తుంది. బన్నులు చేసిపెట్టిన చేతులు ఎంతవరకు వస్తాయో దానికి అర్థమవుతుంది. అప్పుడు నా దగ్గరికి వచ్చేస్తుంది, ఇక వారం లెక్కలుండవు. ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్ళి తూవాకి అసలైన మంచం ఒకటి కొన్నాను. నా గదిలో వేశాను. నా బట్టలు తీసుకుని నేనే సోఫా మీదికి మారాను.

శుక్రవారం మూడింటికి, తూవా ఇంకా బళ్ళో ఉండగానే, గుమ్మం దగ్గర గంట మోగింది. తలుపు తీస్తే ఇల్వా. రెండేళ్ళలో నా గడప తొక్కడం అదే మొదటిసారి. రెండు చేతుల్లోనూ పెద్ద పెద్ద సంచులు.

"లోపలికి రాను, నా కోటుకి ఇంకా బొచ్చు ఉందేమో" అంది. "ఇవి తూవా బట్టలు. అన్నీ అరవై డిగ్రీల నీళ్ళలో ఉతికాను, దుప్పట్లతో సహా. ఉన్ని స్వెట్టరు ఒకటి కుంచించుకుపోయింది, కొత్తది కొంటాను. తివాచీలు తీసేశాం. సోఫా తొడుగులు కూడా పారేశాం."

"మరి కుక్క?"

"నిన్న సుండ్స్‌వాల్‌లో మా తమ్ముడి దగ్గర దింపేసి వచ్చాను."

సుండ్స్‌వాల్ అంటే కారులో పోను ఆరు గంటలు, రాను ఆరు గంటలు. ఆమె మొహం పాలిపోయి ఉంది. ఏడ్చిందో లేదో తెలియదు, నా ముందు మాత్రం ఏడవలేదు.

"అప్పుడే?" అన్నాను.

"ఆలస్యం చేస్తే పిల్లకి ఊపిరి ఇబ్బందవుతుందేమోనని భయమేసింది. చెప్పడం ఒక్కటే కష్టమైంది. పొద్దున బడికి బయల్దేరేముందు చెప్పాను. చాలా ఏడ్చింది. ఈ వారం మీ దగ్గరుంటుంది కాబట్టి మీ చెవిన వేద్దామని వచ్చాను. కాస్త కనిపెట్టి చూసుకోండి."

నా కూతుర్ని కాస్త కనిపెట్టి చూసుకోమని నాకే చెప్తోంది. ఆ మాటకి కోపం తెచ్చుకుందామని ఎంతో ప్రయత్నించాను. రాలేదు. దానికి బదులు అంతకన్నా చెడ్డది వచ్చింది. ఇందులో కూడా ఈమే గెలిచింది అనిపించింది. కుక్కని వదలను అని ఒక్కసారి, ఒక్క పూట అనివుంటే నేను జన్మంతా ఆమెని క్షమించేదాన్ని. ఆమె అనలేదు. నా కూతురి కోసం ఏడేళ్ళ కుక్కని ఒక్క రోజులో వదిలేసింది.

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. "కాఫీ తాగుతారా?" అన్నాను.

"వద్దండీ, నిద్ర లేదు" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ వారం తూవా నన్ను ఒక్క మాట అనలేదు. కొత్త మంచం చూసి "బావుంది" అంది, అంతే. రోజూ సాయంత్రం సుండ్స్‌వాల్‌కి వీడియో కాల్. అక్కడ ఇల్వా తమ్ముడు కుక్క మొహం దగ్గర ఫోన్ పెడితే, ఇక్కడ నా కూతురు "యోస్తా, ఒరేయ్ యోస్తా, నేనురా" అంటుంది. అది ఫోన్ వెనకాల వెతుక్కుంటుంది. నేను వంటింట్లో ఉండి పంపు ఎక్కువ తిప్పి గిన్నెలు కడిగేదాన్ని.

ఒకరోజు అడిగింది, "అమ్మా, రక్తం మార్చుకోవచ్చా?"

"అదేం ప్రశ్నే?"

"నా రక్తంలోనే కదా ఉంది తప్పు."

నీ రక్తంలో ఏ తప్పూ లేదే అని చెప్పాలి. "అలా అనుకోకూడదు" అన్నాను.

గురువారం వచ్చింది. గురువారమంటే మాకు బఠాణీల సూపు, పాన్‌కేకులు, జాము. మర్నాడు తూవా నాన్న దగ్గరికి వెళ్ళాలి. సూపులో చెంచా తిప్పుతూ, నా మొహం చూడకుండా చెప్పింది.

"అమ్మా, రేపు నేను అక్కడికి వెళ్ళను. ఇంకెప్పుడూ వెళ్ళను. ఇక్కడే ఉండిపోతాను. నువ్వు ఒప్పుకుంటే."

నాలుగేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట అది. ఎన్ని శుక్రవారాలు పొద్దున దాని వీపు సంచీ జిప్పు వేస్తూ ఈ మాట కోసం తపించానో లెక్కలేదు.

"ఎందుకే?" అన్నాను. అడక్కుండా ఉండాల్సింది. కానీ వినాలనిపించింది. నువ్వంటేనే ఇష్టమమ్మా అంటుందని ఎక్కడో ఆశ.

"నేను అక్కడ లేకపోతే యోస్తా తిరిగి రావచ్చు కదా. ఇల్వా నాకు తెలియదనుకుంటుంది గానీ, నాన్న ఫోన్లో చెప్పాడు, దాని గిన్నె ఇంకా తీయలేదట. రోజూ కడుగుతుందట. వంటింట్లో ఒక్కతే నిలబడి కడుగుతుందట. నా వల్ల తనకి ఎవరూ లేకుండా పోకూడదు. నేను అక్కడికి వెళ్ళకపోతే తనకి యోస్తా అయినా ఉంటాడు."

ఇంత అసూయ నాకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు. నా ఇంటికి వచ్చేస్తానంటోంది నా బిడ్డ, ఆమె కోసం. నా పక్కనే, నా బల్ల దగ్గరే కూర్చుని, నా సూపు తింటూ, ప్రతి రోజూ ఆమె కోసం త్యాగం చేస్తూ బతుకుతుంది. అలాంటి పిల్లని పెట్టుకుని నేనేం చేసుకోను?

"మగకుక్క మాత్రమే" అన్నాను.

"ఏంటి?"

"నీకు పడనిది మగకుక్క మాత్రమే. దాన్లో ఒకే ఒక్క పదార్థం. దానికి ఆపరేషన్ చేయిస్తే కొన్ని వారాల్లో తగ్గిపోతుందట. కుక్కని పంపించెయ్యక్కర్లేదంది డాక్టరు."

తూవా చెంచా కింద పెట్టింది. మొహం ఒక్కసారిగా వెలిగింది, ఆ వెలుగు నావైపే తిరిగింది. మరుక్షణం ఏదో లెక్క వేసుకుంది. దానికి లెక్కలు బాగా నేర్పించారు.

"డాక్టరు ఎప్పుడు చెప్పింది?"

"బుధవారం."

"నిన్ననా?"

"పోయిన బుధవారం."

"ఇల్వా యోస్తాని తీసుకెళ్ళింది పోయిన గురువారం."

"అవును."

"అంటే నీకు ముందే తెలుసు."

"తెలుసు."

ఎందుకు అని అడుగుతుందనుకున్నాను. అడిగితే చెప్పడానికి ఏవో మాటలు వెతుక్కుంటున్నాను. అడగలేదు. కొత్త మంచం ఉన్న గది వైపు ఒకసారి చూసింది, మళ్ళీ నన్ను చూసింది. పదమూడు నిండని పిల్ల ఎవరినీ అలా చూడకూడదు. తరవాత ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, స్పీకర్ నొక్కింది.

ఇక అయిపోయింది అనుకున్నాను. ఇప్పుడు అందరికీ తెలుస్తుంది. ఇల్వాకి, హోకన్‌కి. నా తలకాయ ఎక్కడ పెట్టుకోవాలి?

"ఇల్వా? నేను. అరవకుండా విను. యోస్తాకి ఆపరేషన్ చేయిస్తే చాలట. నాకు మగకుక్కలే పడవట. అవును, నిజం. డాక్టరు మళ్ళీ చూసిందట. ఇప్పుడే, ఇప్పుడే అమ్మకి ఫోన్ చేసి చెప్పింది."

గురువారం సాయంత్రం ఏడింటికి ఈ దేశంలో ఏ డాక్టరూ ఎవరికీ ఫోన్ చెయ్యదు. చిన్నపిల్లకి తెలియకపోవచ్చు, ఇల్వాకి తెలియదా? అవతల చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

"వింటున్నావా?" అంది తూవా. దాని చెయ్యి బల్ల అంచుని గట్టిగా పట్టుకుని ఉంది.

"వింటున్నానురా" అంది ఇల్వా. "శనివారం వెళ్ళి తీసుకొద్దాం, నువ్వు కూడా వద్దువు గాని. ఆపరేషన్ అయ్యేదాకా వాడు గారేజీలో ఉంటాడులే. వెంటనే చెప్పినందుకు అమ్మకి థాంక్స్ చెప్పు."

తూవా ఫోన్ పెట్టేసింది. పాన్‌కేకుల పళ్ళెం ముందుకు లాక్కుని ఒకటి తీసుకుంది, జాము రాసింది, మడిచింది. తినలేదు.

"అబద్ధం ఎందుకు చెప్పావే?" అన్నాను.

"వాళ్ళ ముందు నువ్వు చెడ్డదానివి అవడం నాకిష్టం లేదు" అంది. "నా ఒక్కదానికే తెలుసు. చాలు."

నా కోసం ఎప్పుడైనా ఒక్క అబద్ధం ఆడిందా అనుకున్నాను కదా. ఆడింది. దాని పక్కకి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. తీసెయ్యలేదు గానీ, దగ్గరికీ జరగలేదు.

"రేపు నాన్న దగ్గరికి వెళ్తావు కదా, సంచీ సర్దనా?"

"నేను సర్దుకుంటాను."

"మళ్ళీ వచ్చే శుక్రవారం వస్తావు కదా?" అన్నాను. నాలుగేళ్ళలో ఎన్నడూ అడగాల్సిన అవసరం రాని ప్రశ్న అది.

తూవా పాన్‌కేకు అంచుని చెంచాతో కోస్తూ కాసేపు ఆలోచించింది.

"వస్తాను" అంది.